వీడియోలు చూసి వడ్రంగం నేర్చుకోవడం ఎలా: మొదటి పీట తయారయ్యే దాకా

వడ్రంగం వీడియోల్లో ఎనిమిది నిమిషాలకల్లా భోజనాల బల్ల తయారైపోతుంది. రంపం ఎక్కడా పట్టేయదు. చిత్రిక ఒక్క తోపుకే పలుచటి పొరను లేపుతుంది. అతుకు ఒక్క దెబ్బకు కూర్చుంటుంది. అది చూసి ఉత్సాహంగా పనిముట్లు కొనుక్కున్నవారిలో చాలామంది తొలి వారంలోనే నిరుత్సాహపడి వాటిని మూలన పడేస్తారు. తప్పు వారి చేతుల్లో లేదు. వీడియోలో కనిపించనివి మూడు ఉన్నాయి: పనిముట్టు పదును, చెక్క ఆరిన తీరు, నమ్మదగిన గీత. కెమెరా ముందుకు రాకముందే ఆ వడ్రంగి ఈ మూడింటినీ సిద్ధం చేసుకుని ఉంటాడు. ముందు వీటిని పట్టుకుంటే ఆ తర్వాత ఏ వీడియో చూసినా పాఠమే అవుతుంది. ఆ వరుసలోనే వెళ్దాం. మధ్యలో ఒక పీట చేద్దాం. వంటింట్లో, పూజ దగ్గర కూర్చునే మామూలు పీటే. వడ్రంగంలోని మౌలిక విషయాలన్నీ అందులో ఉన్నాయి.

మొదటి మెట్టు: ఎవరిని చూడాలో తేల్చుకోండి

మొదటి కొన్ని నెలలు ఒక్కరినే గురువుగా పెట్టుకోండి. పదును పెట్టడానికి ఒకరు నూనె రాయి అంటారు, ఒకరు నీటి రాయి అంటారు, మరొకరు వజ్రపు పలక అంటారు. ముగ్గురి మాటా నిజమే. కానీ ముగ్గురినీ కలిపి చూస్తే ఏ పద్ధతీ చేతికి పట్టదు.

చేతి పనిముట్లతో మొదలుపెట్టేవారికి బ్రిటన్‌కు చెందిన పాల్ సెల్లర్స్ పాఠాలు నా మొదటి సిఫార్సు. ఐదు దశాబ్దాలకు పైగా ఇదే వృత్తిలో ఉన్న మనిషి. ఒక గీత గీసేటప్పుడు కత్తి ఎటు వాలింది, మోచెయ్యి ఎక్కడుంది అనేవి కూడా ఆగి చూపిస్తారు. తక్కువ ఖర్చుతో, కొద్దిపాటి పనిముట్లతో ఎలా మొదలుపెట్టవచ్చో అమెరికాకు చెందిన రెక్స్ క్రూగర్ వరుస పాఠాలుగా చెప్పారు. కరెంటు యంత్రాల వైపు మొగ్గు ఉన్నవారికి స్టీవ్ రామ్‌సే వీడియోలు తేలికగా అర్థమవుతాయి. జపాన్‌కు చెందిన ఇషితాని ఫర్నిచర్ వీడియోల్లో మాటలే ఉండవు. అవి ఎంతో అందంగా ఉంటాయి, కానీ ఏం జరుగుతోందో ముందే తెలిసినవారికే పనికొస్తాయి. అతుకులు కోయడం కొంత వచ్చాక వాటి దగ్గరకు వెళ్ళండి.

తెలుగులో వృత్తి వడ్రంగులు పెడుతున్న వీడియోలు కూడా చాలా ఉన్నాయి. గుమ్మాలు, మంచాలు, ప్లైవుడ్ అల్మరాలు ఎక్కువ. మన దగ్గర దొరికే చెక్క, బందులు, గొళ్ళాలు, జిగురు గురించి వీటిలో తెలిసినంతగా విదేశీ వీడియోల్లో తెలియదు. అయితే చాలా వాటిలో పూర్తయిన వస్తువును చూపించడమే ప్రధానం, చేసిన తీరు రెండు నిమిషాల్లో దాటిపోతుంది. వస్తువుల తయారీకి తెలుగు వీడియోలు, చేతి పనితనానికి నిదానంగా బోధించే విదేశీ వీడియోలు అని పంచుకుంటే రెండూ ఉపయోగపడతాయి.

ఒక వీడియో మీ సమయానికి తగినదో కాదో రెండు నిమిషాల్లో తేల్చవచ్చు. ఏ చెక్క వాడుతున్నారో చెప్పారా? కొలతలు చెప్పారా? చేతులు దగ్గరగా కనబడుతున్నాయా? అతుకు సరిగా కుదరనప్పుడు ఏం చేశారో చూపించారా? ఈ నాలుగింటిలో కనీసం మూడింటికి ‘అవును’ అనలేకపోతే అది వినోదం మాత్రమే. భోజనమయ్యాక చూడండి, పని బల్ల దగ్గర వద్దు.

వెతికేటప్పుడు వస్తువు పేరుతో కాకుండా నైపుణ్యం పేరుతో వెతకండి. ‘కుర్చీ తయారీ’ అని వెతికితే వెయ్యి కుర్చీలు వస్తాయి. ‘చిజెల్ షార్పెనింగ్’ (ఉలికి పదును), ‘ఎడ్జ్ జాయింట్’ (అంచుల అతుకు), ‘హ్యాండ్ ప్లేన్ సెటప్’ (చిత్రికను సరిచేసుకోవడం), ‘వుడ్ మూవ్‌మెంట్’ (చెక్క ఉబ్బడం, కుంచించుకుపోవడం) అని వెతికితే పాఠాలు వస్తాయి.

రెండో మెట్టు: వాళ్ళ కొలతలను మన కలప డిపోలోకి తెచ్చుకోండి

అమెరికా వీడియోలతో కొత్తవారు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. వాళ్ళు ‘టూ బై ఫోర్’ అనే కట్టె నిజానికి 2 అంగుళాలు, 4 అంగుళాలు ఉండదు. చిత్రిక పట్టిన తర్వాత ఒకటిన్నర అంగుళాల మందం, మూడున్నర అంగుళాల వెడల్పు ఉంటుంది. అలాగే వాళ్ళ ‘వన్ బై’ పలక అసలు మందం ముప్పావు అంగుళం, అంటే సుమారు 19 మిల్లీమీటర్లు. వీడియోలోని పేరును పట్టుకుని మీరు డిపోలో 2, 4 అంగుళాలకు కోయించుకుంటే, వాళ్ళ పట్టికలోని మిగతా కొలతలేవీ మీ వస్తువుకు కుదరవు. ఇంకో తేడా కూడా ఉంది. మన దగ్గర సామిల్లులో 1 అంగుళానికి కోసిన పలక రంపపు గరుకుతో వస్తుంది. రెండు వైపులా చిత్రిక పట్టాక ముప్పావు నుంచి ఏడు బై ఎనిమిది అంగుళం దాకా మిగులుతుంది. గరుకు కొలత ఏది, నున్నటి కొలత ఏది అని డిపోలోనే అడిగి తేల్చుకోండి.

వాళ్ళు చెక్కను ‘బోర్డ్ ఫుట్’లో లెక్కిస్తారు, మన డిపోలు ఘనపుటడుగుల్లో అమ్ముతాయి. 12 బోర్డ్ ఫుట్‌లు కలిస్తే ఒక ఘనపుటడుగు. మన లెక్క ఇలా: పొడవు అడుగుల్లో, వెడల్పు, మందం అంగుళాల్లో తీసుకుని మూడింటినీ గుణించి 144తో భాగించాలి. 6 అడుగుల పొడవు, 6 అంగుళాల వెడల్పు, 1 అంగుళం మందం ఉన్న పలక పావు ఘనపుటడుగు. ఈ లెక్క నోటికి రావాలి. అప్పుడు డిపో యజమాని చెప్పే మొత్తం సరైనదో కాదో అక్కడే తెలుస్తుంది.

ఇక చెక్క పేర్లు. వీడియోల్లో వినబడే ఓక్, వాల్నట్, పోప్లార్‌లను వెతుక్కుంటూ తిరగనక్కర్లేదు. మొదటి పనులకు వేప, మామిడి చాలు. మామిడి మెత్తగా కోతకు లొంగుతుంది, కానీ పురుగు పట్టే గుణం ఉంది కాబట్టి ముగింపు పూత అన్ని వైపులా వేయాలి. వేపకు ఆ బాధ తక్కువ, కాకపోతే పీచు అక్కడక్కడ మెలికలు తిరిగి చిత్రికకు అడ్డుపడుతుంది. నల్లతుమ్మ బండి చక్రాలకు, నాగళ్ళకు వాడినంత గట్టి చెక్క, మొదటి రోజుల్లో దాని జోలికి వెళ్ళవద్దు. టేకు అన్ని విధాలా మేలైనదే. అయితే రెండు సంగతులు గుర్తుంచుకోండి. అందులోని సిలికా వల్ల ఉలి, చిత్రిక త్వరగా మొద్దుబారతాయి. అందులోని సహజమైన నూనె వల్ల జిగురు సరిగా పట్టదు. అతికించే ముందు అంచును చిత్రికతో తాజాగా తీసి, అసిటోన్‌తో తుడిచి, ఆరగానే జిగురు రాయాలి.

పాత ఇళ్ళు కూల్చినప్పుడు వచ్చే టేకు దూలాలు, ద్వారబంధాలు కొత్తవారికి దొరికే గొప్ప చెక్క. దశాబ్దాలుగా ఆరి ఉంటుంది, చేవ బాగా ఉంటుంది. కొనే ముందు బలమైన అయస్కాంతంతో అంతటా తడమండి. లోపల విరిగిపోయిన మేకు ఒక్కటున్నా చిత్రిక బ్లేడు అంచు లేచిపోతుంది. రవాణా పెట్టెల చెక్క వాడదలిస్తే దాని మీది ముద్ర చూడండి. ‘హెచ్‌టీ’ అని ఉంటే వేడితో శుద్ధి చేసినది, వాడుకోవచ్చు. ‘ఎంబీ’ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువుతో శుద్ధి చేసినది, ఇంట్లోకి తేవద్దు.

మూడో మెట్టు: కొద్ది పనిముట్లు, గట్టి పదును

స్టీలు టేపు, మూలమట్టం, గీతలకు ఒక సన్నటి కత్తి, చేతి రంపం, ఇనుప చిత్రిక, అర అంగుళం, ముప్పావు అంగుళం ఉలులు రెండు, కొయ్యసుత్తి, డ్రిల్లు, నాలుగు క్లాంపులు. మొదటి సంవత్సరానికి ఇవి చాలు. టేబుల్ సా, రౌటర్ లాంటి యంత్రాలకు పెట్టే డబ్బును మంచి చెక్కకు పెట్టండి.

మూలమట్టం కొనేటప్పుడు దుకాణంలోనే పరీక్షించండి. నిటారైన అంచున్న పలక మీద దానితో ఒక గీత గీసి, మట్టాన్ని తిరగేసి అదే చోట మరో గీత గీయండి. రెండు గీతలూ ఒకటైతే అది నమ్మదగినది. విడిపోతే ఆ ఎడం అసలు తప్పుకు రెట్టింపు. వంకర మూలమట్టంతో చేసిన ఏ వస్తువూ నేల మీద నిలకడగా కూర్చోదు.

రంపం విషయంలో వీడియోలను గమనించి చూడండి. జపాన్ రంపాలు లాగినప్పుడు కోస్తాయి, పాశ్చాత్య రంపాలు తోసినప్పుడు కోస్తాయి. ఒకరి వీడియో చూస్తూ మరో రకం రంపం పట్టుకుంటే నిలబడే తీరు, బలం పెట్టే తీరు రెండూ తారుమారవుతాయి. మీరు చూసే గురువు ఏ రకం వాడుతున్నారో అదే కొనండి.

ఇప్పుడు పదును. కొత్త ఉలిని పెట్టెలోంచి తీసి వెంటనే వాడవద్దు, అది సగం తయారైన వస్తువు మాత్రమే. నాలుగు నూరుడు రాళ్ళు కొనే స్థోమత లేకపోయినా దిగులు అక్కర్లేదు. మందపాటి గాజు పలక మీద వాటర్ పేపర్ (తడిపి వాడే గరుకు కాగితం) ముక్కలు పరిచి, 220, 400, 1000, 2000 నంబర్ల వరుసలో నీళ్ళు చల్లుకుంటూ నూరవచ్చు. ముందు ఉలి వీపు, అంటే చదునైన వైపు, కొన నుంచి అంగుళం మేర అద్దంలా మెరిసేదాకా రుద్దాలి. ఇది ఒక్కసారి చేస్తే చాలు. ఆ తర్వాత ఏటవాలు వైపు 25 నుంచి 30 డిగ్రీల కోణంలో నూరండి. వెనక వైపు వేలితో తడిమితే సన్నటి గరుకు తగలాలి. ఆ గరుకు అంచు పొడవునా వచ్చేదాకా తర్వాతి నంబరుకు వెళ్ళవద్దు. కొత్తవారి ఉలి పదునెక్కకపోవడానికి తొంభై పాళ్ళు కారణం ఈ తొందరే. చివరికి వీపును ఒకసారి చదునుగా రుద్ది గరుకు తీసేసి, తోలు ముక్క మీద వెనక్కి లాగుతూ మెరుగు పెట్టండి.

పరీక్ష ఇది: మెత్తటి చెక్క ముక్క అడ్డకోత ముఖం మీద, అంటే పీచు చివరలు కనబడే వైపు, సుత్తి లేకుండా చేత్తో ఉలిని తోయండి. పొడిగా రాలకుండా పలుచటి పొర తెగి, కోసిన చోటు నిగనిగలాడితే పదును కుదిరింది. మొదటి రెండు వారాలు పదును తప్ప మరేదీ చేయకపోయినా నష్టం లేదు. మొద్దు ఉలికి బలం ఎక్కువ పెట్టాలి, బలం ఎక్కువైతే అదుపు తప్పుతుంది, చేతులు తెగేది అప్పుడే. పదునైన ఉలి ముందు మాత్రం ఎప్పుడూ చేయి పెట్టవద్దు. రెండు చేతులూ అంచుకు వెనకనే ఉండాలి, చెక్కను పట్టి ఉంచే పని క్లాంపుది.

నాలుగో మెట్టు: చెక్కను ఇంటి గాలికి అలవాటు చేయండి

చెక్క పొడవు దిశలో దాదాపు మారదు. వెడల్పు దిశలో మాత్రం వానాకాలంలో ఉబ్బుతుంది, ఎండాకాలంలో కుంచించుకుపోతుంది. అందులోనూ వార్షిక వలయాల వెంట వచ్చే మార్పు, వలయాలకు అడ్డంగా వచ్చే మార్పుకు సుమారు రెట్టింపు. పలకలు వంగడానికి, నెర్రెలు విడవడానికి మూలం ఇదే. కొలిమి గదిలో 6 నుంచి 8 శాతం తేమకు ఆరబెట్టిన అమెరికా చెక్కతో, ఏసీ గదిలో చేసిన వస్తువును చూసి, కాకినాడలోనో మచిలీపట్నంలోనో సముద్రపు గాలిలో అదే పద్ధతిలో బిగించేస్తే మొదటి వానాకాలానికే పలక పైకి లేస్తుంది. అనంతపురం ఎండలో అదే పలక మధ్యకు చీలుతుంది.

కాబట్టి తెచ్చిన చెక్కను వెంటనే కోయవద్దు. నీడలో, గాలి ఆడే చోట, ఒకదాని మీద ఒకటి పేర్చి మధ్యలో సన్నటి బద్దలు పెట్టండి. ఒక చిన్న ముక్కను వంటింటి త్రాసులో తూచి బరువు రాసుకోండి. వారానికోసారి తూయండి. బరువు తగ్గడం ఆగిందంటే చెక్క మీ ఇంటి గాలికి అలవాటు పడిందన్నమాట. పచ్చి చెక్కకైతే ఇది చాలదు. అంగుళం మందానికి సుమారు ఏడాది ఆరాలని వడ్రంగులు వేసే లెక్క, కాబట్టి మొదటి పనికి ఆరిన చెక్కే అడిగి తీసుకోండి.

పలకను ఎంచేటప్పుడు ఒక చివర కంటి దగ్గర పెట్టుకుని పొడవునా చూడండి. మెలి తిరిగినదాన్ని వదిలేయండి, దాన్ని చదును చేసే సరికి మందం మిగలదు. చివరి కోతలో చెట్టు నడిబొడ్డు కనబడితే ఆ పలకా వద్దు, పగులు అక్కడి నుంచే మొదలవుతుంది. బిల్లు తప్పకుండా తీసుకోండి. అటవీ చెక్కకు రవాణా అనుమతులు ఉంటాయి, లైసెన్సు ఉన్న డిపోలో కొంటే ఆ చిక్కులుండవు.

ఐదో మెట్టు: వీడియోను మూడు సార్లు చూడండి

మొదటిసారి ఆపకుండా మొత్తం చూడండి, పని క్రమం మనసుకు పడుతుంది. రెండోసారి కాగితం, పెన్సిలుతో కూర్చుని ప్రతి దశనూ మీ మాటల్లో రాసుకోండి. ప్రతి దశ పక్కన ‘ఎందుకు?’ అని ఒక గడి పెట్టండి. జిగురు అక్కడెందుకు రాయలేదు? ఆ వైపు నుంచే చిత్రిక ఎందుకు పట్టాడు? జవాబు తెలియని గడుల దగ్గరే మీరు నేర్చుకోవలసింది ఉంది. మూడోసారి వేగాన్ని సగానికి తగ్గించి చేతుల్ని మాత్రమే చూడండి. రంపం కోసేటప్పుడు మోచెయ్యి, మణికట్టు, రంపం ఒకే వరుసలో ఉన్నాయా? కాళ్ళు ఎంత ఎడంగా ఉన్నాయి? చిత్రిక తోపు మొదట్లో బరువు ముందు చేతి మీద, చివర్లో వెనక చేతి మీద ఎలా మారుతోంది? ఇవేవీ మాటల్లో చెప్పరు.

విదేశీ వీడియోల్లో అందరూ ఎత్తైన పని బల్ల ముందు నిలబడి పనిచేస్తారు. మన సంప్రదాయ వడ్రంగులు నేల మీద కూర్చుని పాదాలతో చెక్కను నొక్కిపట్టి పనిచేయడం చూసే ఉంటారు. రెండూ సరైన పద్ధతులే, కానీ పాదాలతో పట్టడం ఏళ్ళ సాధన. మీకు బల్ల లేకపోతే గట్టి పాత టేబుల్‌కు క్లాంపులతో పలక బిగించి పని మొదలుపెట్టండి. ఆ టేబుల్ కదలకూడదు, అదొక్కటే షరతు.

చూసినదాన్ని ఆ వారంలోనే చేతితో చేయండి. చేయలేని వారం కొత్త వీడియో చూడవద్దు. ఈ ఒక్క నియమం పాటించకపోతే మిగతా సలహాలేవీ పనిచేయవు.

సందేహాల గడులు నిండాక వాటిని మీ వీధిలోని వడ్రంగి మేస్త్రీ దగ్గరకు తీసుకెళ్ళండి. ఆయన తీరిక చూసుకుని, గౌరవంగా అడగండి. పని నేర్పినందుకు ఆయన కోరిన రుసుము ఇవ్వండి. వీడియో మీ చేతిలో లోపం చూడలేదు. ఆయన ఒక్క చూపులో పట్టేస్తారు. ఇంకా క్రమపద్ధతిలో నేర్చుకోదలచినవారికి ఐటీఐల్లో వడ్రంగం కోర్సు ఉంది. బెంగళూరులోని కలప శాస్త్ర సాంకేతిక సంస్థ (ఐడబ్ల్యూఎస్‌టీ)లో వడ్రంగ శిక్షణ కేంద్రం కూడా ఉంది.

ఆరో మెట్టు: పీట చేద్దాం

పై పలక 18 అంగుళాల పొడవు, 12 అంగుళాల వెడల్పు. అంత వెడల్పు పలక ఒక్కటే కొంటే ఖర్చు ఎక్కువ, వంగే ప్రమాదమూ ఎక్కువ. అందుకే ఆరు అంగుళాల పైచిలుకు వెడల్పున్న పలకలు రెండు తీసుకుని అతికిద్దాం. మందం అంగుళం. కింద అడ్డంగా రెండు కట్టెలు, ఒక్కొక్కటి 11 అంగుళాల పొడవు, 2 అంగుళాల వెడల్పు, ఒకటిన్నర అంగుళాల మందం. లెక్క వేస్తే మొత్తం ఘనపుటడుగులో ఆరో వంతు. కోతల్లో, చిత్రికలో పోయేదానికి పావు వంతు కలుపుకుని కొనండి.

ముందు ప్రతి పలకలో ఒక ముఖాన్ని చదును చేయండి. చిత్రికను మొదట ఐమూలగా, తర్వాత పొడవునా నడపాలి. నిటారైన బద్దను అన్ని దిశల్లో నిలబెట్టి కింద నుంచి వెలుగు వస్తోందేమో చూడండి. చెక్క పీచు చివ్వున లేచి చిరుగుతుంటే మీరు ఎదురు దిశలో పడుతున్నారు, పలకను తిప్పండి. తిప్పినా చిరుగుతుంటే బ్లేడును మళ్ళీ నూరి, బయటికి వచ్చిన భాగాన్ని తగ్గించండి. చిత్రిక అడుగున కొవ్వొత్తి రుద్దితే తోపు సగానికి సగం తేలికవుతుంది.

తర్వాత అతుకు. రెండు పలకలనూ పుస్తకం మూసినట్టు ముఖానికి ముఖం కలిపి బిగించి, రెండు అంచులనూ ఒకేసారి చిత్రిక పట్టండి. అంచు కొంచెం వాలినా ఫర్వాలేదు. పుస్తకం తెరిచినట్టు పరిచినప్పుడు ఒకదాని వాలు రెండోదాని వాలుతో సరిపోయి పలక చదునుగా వస్తుంది. ఒకదాని మీద ఒకటి నిలబెట్టి కిటికీ వైపు పట్టుకుని చూడండి. వెలుగు ఎక్కడా రాకూడదు. వడ్రంగపు తెల్ల జిగురు సందులను నింపే పదార్థం కాదు, బాగా కలిసిన అంచులను మాత్రమే పట్టుకుంటుంది. పలుచగా రాసి, క్లాంపులు ఒకటి పైన, ఒకటి కింద మార్చి మార్చి బిగించండి. పొడవునా చిన్న చిన్న బొట్లు బయటికి వస్తే జిగురు సరిపోయింది. అవి రబ్బరులా మారాక గీకేయండి, తడిగుడ్డతో పులిమితే తర్వాత పాలిష్ పట్టని మచ్చలుగా తేలతాయి. పొడవాటి క్లాంపులు లేకపోతే ఒక గట్టి పలక మీద రెండు వైపులా కట్టెలు మేకులతో కొట్టి, మధ్యలో మీ పలకలు పెట్టి, సందులో ఒక చివర సన్నబడే రెండు చెక్క చీలలను ఎదురెదురుగా దిగ్గొట్టండి. అదే క్లాంపు. ఒక రోజు కదపవద్దు, వానాకాలమైతే రెండు రోజులు.

అతికాక కొలతకు కోయాలి. పెన్సిలు గీతకు మందం ఉంటుంది, కత్తి గీతకు ఉండదు. మూలమట్టం ఆనించి కత్తితో నాలుగు వైపులా చుట్టూ గీత గీయండి. మొదలుపెట్టిన చోటే గీత కలవాలి. రంపాన్ని పారేసే ముక్క వైపు పెట్టి, గీతను తాకకుండా కోయండి. మిగిలిన పొరను చిత్రికతో తీయండి. అడ్డకోత అంచుకు చిత్రిక పట్టేటప్పుడు రెండు మూలల నుంచి మధ్యకు రండి, ఒకే వైపు చివరిదాకా తోస్తే మూల ఎగిరిపోతుంది. చివరికి ఒక మూల నుంచి ఎదుటి మూలకు, రెండు కర్ణాలూ కొలవండి. రెండూ సమానమైతే మూలలు సరిగ్గా ఉన్నట్టు.

ఇప్పుడు అడ్డకట్టెలు. వీడియోలకూ మంచి వడ్రంగానికీ మధ్య తేడా ఎక్కువగా బయటపడేది ఇక్కడే. పొట్టి వీడియోల్లో అడ్డకట్టెకు పొడవునా జిగురు పూసి మరలు బిగించేస్తారు. అలా చేయవద్దు. కట్టె పొడవు దిశలో మారదు, పలక మాత్రం అదే దిశలో వెడల్పుగా ఉబ్బాలి. జిగురు వదలదు, పలక ఆగదు, ఏదో ఒకటి చీలుతుంది. కట్టెకు జిగురు వద్దు. ఒక్కో కట్టెకు మూడు మరలు. మధ్య రంధ్రం మర కాడకు సరిపోయేంత, చివరి రెండు రంధ్రాలు కట్టె పొడవు దిశలో కోలగా ఉండాలి. పక్కపక్కన రెండు రంధ్రాలు వేసి మధ్యను సన్నటి ఉలితో కలిపితే కోల రంధ్రం సిద్ధం. మర తల దిగేందుకు అర అంగుళం లోతు గుంట ముందే వేయండి, చివరి గుంటలను కూడా అదే దిశలో కోలగానే తీయండి. తల కింద వాషరు పెట్టి, ఒకటిన్నర అంగుళాల మరలు వాడితే పైకి పొడుచుకురావు. పలకలోకి కూడా సన్నటి రంధ్రం ముందుగా వేయాలి. డ్రిల్లు బిట్టుకు లోతు తెలిసేలా ప్లాస్టరు టేపు చుట్టుకోండి.

చిత్రిక బాగా పట్టిన పలకకు గరుకు కాగితం 120తో మొదలుపెట్టి 180, 220 చాలు. పీచు వెంటే రుద్దాలి, అడ్డంగా రుద్దిన గీతలు పాలిష్ తర్వాత కొట్టొచ్చినట్టు కనబడతాయి. ఆపైన తడిగుడ్డతో తుడిచి ఆరనిస్తే నూగు లేస్తుంది. చివరి నంబరుతో తేలికగా మళ్ళీ రుద్దండి. మూలలు చేతికి గుచ్చుకోకుండా కొద్దిగా గుండ్రం చేయండి.

ముగింపు పూత వస్తువు వాడకాన్ని బట్టి ఎంచుకోవాలి. లక్కతో చేసే ఫ్రెంచ్ పాలిష్ అందంలో సాటిలేనిది, ఏటికొప్పాక బొమ్మల మెరుపు కూడా లక్కదే. కానీ దాని మీద నీళ్ళు నిలిస్తే తెల్లబారుతుంది. వంటింటి పీటకు పాలీయురెథేన్ వార్నిష్ మూడు పలుచటి పూతలు మేలు. అడుగు భాగానికి, అంచులకు కూడా పైభాగానికి వేసినన్ని పూతలే వేయండి. ఒక వైపే వేస్తే తేమ రెండో వైపు నుంచి చేరి పలక వంగుతుంది. అవిసె నూనె పూత ఎంచుకున్నవారికి ఒక హెచ్చరిక: ఆ నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. విడివిడిగా ఆరుబయట పరిచి ఎండనిచ్చి ఆ తర్వాతే పారేయండి.

వీడియో చూసి అనుకరించకూడనివి

యాంగిల్ గ్రైండర్‌కు పళ్ళున్న రంపపు చక్రం బిగించి, రక్షణ కవచం తీసేసి చెక్క కోయడం మన దేశపు వీడియోల్లో తరచూ కనిపిస్తుంది. దయచేసి ఎప్పుడూ చేయవద్దు. ఆ యంత్రం వేగం చెక్క కోతకు ఉద్దేశించినది కాదు. చక్రం చెక్కలో పట్టేస్తే యంత్రం మొత్తం ఎగిరి మనిషి మీదికే వస్తుంది. విదేశీ వీడియోల్లో కూడా కెమెరాకు కనబడాలని టేబుల్ సా కవచం తీసేసి చూపిస్తుంటారు. మీ యంత్రానికి కవచం ఉండాల్సిందే. తిరిగే యంత్రాల దగ్గర చేతి తొడుగులు, కండువా, వదులు చొక్కా పనికిరావు, చిక్కుకుంటే చేతిని లోపలికి లాగేస్తాయి. కళ్ళకు రక్షణ అద్దాలు తప్పనిసరి. చెక్క ధూళిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది కాబట్టి గరుకు కాగితం పట్టినప్పుడు ఎన్95 మాస్కు పెట్టుకోండి, గుడ్డ సరిపోదు.

పీట తర్వాత

పనిముట్లు పెట్టుకునే మూత లేని పెట్టె ఒకటి చేయండి. నాలుగు మూలలు కలపడం దానితో వస్తుంది. పుస్తకాల అర ప్లైవుడ్‌తో చేయదలిస్తే షీటు 8 అడుగులు, 4 అడుగులు ఉంటుంది. తడి తగలని గదులకు ఐఎస్ 303, వంటింటికి ఐఎస్ 710 అనే భారతీయ ప్రమాణాల ముద్ర చూసి కొనండి. కోతల పటం కాగితం మీద గీసుకున్నాకే షీటు మీద గీత పెట్టండి.

ఆ తర్వాత నాలుగు కాళ్ళ స్టూలు. దానికి కావలసింది కాలిలో దీర్ఘచతురస్రపు తొర్ర తొలిచి, అడ్డపట్టీ చివరను అందులో దిగేలా చెక్కే అతుకు. వీడియోల్లో ‘మార్టిస్ అండ్ టెనన్’ అని వెతకండి. స్టూలు మొదలుపెట్టే ముందు పనికిరాని ముక్కల మీద ఇదే అతుకు వరుసగా కోస్తూ పోండి. ప్రతి అతుకునూ జిగురు లేకుండా దిగ్గొట్టి, నిలువునా రంపంతో రెండుగా కోసి లోపల చూడండి. తొర్ర గోడలు నిటారుగా ఉన్నాయా, చివర్లో సందు మిగిలిందా, అడ్డపట్టీ భుజాలు (తొర్రలోకి దిగకుండా బయట ఆగే అంచులు) ఆనాయా అన్నది బయటి నుంచి తెలియదు. కోసిన ముక్కల మీద వరుస సంఖ్య రాసి పక్కపక్కన పెట్టుకోండి. చేత్తో తోస్తే దిగి, కొయ్యసుత్తి రెండు తేలికపాటి దెబ్బలకు కూర్చుని, తలకిందులుగా పట్టుకున్నా జారని అతుకు వరుసగా నాలుగు సార్లు వచ్చినప్పుడు స్టూలుకు చెక్క కొనండి.